నూట పద్దెనిమిది కేజీల నాలుగు వందల గ్రాముల సొత్తు

గంధమూరు తూనికలు కొలతల ఆఫీసులో ముద్రలు కొట్టే అసిస్టెంటు బుల్లెబ్బాయికి ఊళ్ళో రెండు విషయాల్లో పేరుంది. కేజీ రాయిని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఆడించి, "పాతిక గ్రాములు తక్కువండి" అనేస్తాడు. కాటా మీద పెట్టి చూస్తే పాతికే ఉంటుంది, ఇరవయ్యారు ఉండదు. ఇక రెండోది, ఆయన ఆఫీసు మెట్లెక్కుతుంటే కింద టీ కొట్లో గ్లాసులు గలగలమంటాయి. ఈ సంగతి ముందే తెలిసుంటే వాళ్ళ తాతగారు ఇంకో పేరు ఆలోచించేవారు.

ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆయన పట్టుకున్న దొంగ రాళ్ళు ఆఫీసు వెనక గోడౌనులో నడుం ఎత్తున పేరుకుని ఉన్నాయి. కానీ నాలుగేళ్ళుగా బుధవారం సంతకి వెళ్ళలేకపోతున్నాడు. కుడి మోకాలు అరిగిపోయింది. మెట్లు ఎక్కాలన్నా దిగాలన్నా పీతలా పక్కకి తిరిగి నడవాలి. సంతలో దొంగ తూకం జోరుగా సాగుతోందని వింటే ఆయనకి అన్నం సహించదు. సహించకపోయినా తింటాడనుకోండి, అది వేరే సంగతి.

ఎముకల డాక్టరు సువర్చలగారు మోకాలు మార్చడానికి ఒప్పుకున్నారు. "సెప్టెంబరు ఇరవయ్యెనిమిది. ఆ నెలాఖరుకి మీ హెల్త్ కార్డు అనుమతి అయిపోతుంది, మళ్ళీ రావాలంటే ఏడాది. ఆ రోజు మా కాటా నూట పదికి ఒక్క గ్రాము ఎక్కువ చూపించినా ఇంటికి పంపేస్తాను. బతిమాలితే వినను," అన్నారు.

అప్పటికి ఆయన నూట ఇరవై ఒకటి. ఆ సాయంత్రం నుంచే ఆయన భార్య మంగతాయారు ఇంట్లో కొత్త రాజ్యాంగం అమలు చేసింది. పొద్దున్నే కాలవ గట్టు మీద నడక, రాత్రికి జొన్నరొట్టె. పెసరట్టులో ఉప్మా పెట్టడం మానేసింది. గోదావరి గాలి పీల్చే మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. అయినా బుల్లెబ్బాయి కిక్కురుమనలేదు. నెల తిరిగేసరికి రెండున్నర కేజీల పైనే తగ్గి, అద్దంలో చూసుకుని తనకి తానే చిక్కిపోయినట్టు కనిపించాడు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ఊబకాయ నివారణ పక్షోత్సవాలు ప్రకటించింది. ప్రతి శాఖా తన ఉద్యోగుల బరువును 'శాఖాపరమైన నిబంధనలను అనుసరించి' అదుపులో పెట్టాలని ఉత్తరువు. ఆ మాట ఎందుకు రాశారో రాసినాయనకే తెలియదు. ఉత్తరువుల్లో ఆ మాట ఉప్పులాంటిది, అన్నింట్లోనూ వేస్తారు. ఉద్యానశాఖ వారు బొప్పాయి ముక్కలు పంచారు. క్రీడల శాఖ వారు ఊరేగింపు తీసి బిర్యానీ తిని ఇళ్ళకి వెళ్ళారు.

"మన మోకాలు గురించి ప్రభుత్వమే పట్టించుకుంటోందే, తాయారూ!" అని బుల్లెబ్బాయి మురిసిపోయాడు.

ఆయన పై అధికారి, అసిస్టెంట్ కంట్రోలరు విశ్వపతిగారు, ఆ ఉత్తరువును మూడు రోజులు తలుపేసుకుని చదివారు. నాలుగో రోజు ఆఫీసునంతా సమావేశపరిచారు. ఆఫీసంతా అంటే ఆయనా, బుల్లెబ్బాయీ, అటెండరు ఏసుపాదమూ. మిగతా కుర్చీలు ఖాళీగా ఉండి పదేళ్ళవుతోంది.

"బరువు గురించి మనకి ఇంకొకరు చెప్పవలసిన అవసరం ఉన్నదా?" అన్నారు విశ్వపతిగారు. "బరువును చట్టబద్ధంగా చూడగల శాఖ రాష్ట్రంలో మనదొక్కటే. మన నిబంధనల్లో బరువు అనగా ఏమి? తూకమునకు వచ్చు ప్రతి వస్తువు. ఉద్యోగి తూకమునకు వచ్చునా, రాడా?"

"కాటా ఎక్కితే వస్తాడండి," అన్నాడు ఏసుపాదం.

"వచ్చినచో అతనికొక ప్రమాణం ఉండవలెను. ప్రమాణానికి సరిపోతే ముద్ర. సరిపోకపోతే జప్తు. చట్టంలో మూడో మాట లేదు."

పొడుగు ఎన్ని సెంటీమీటర్లో అందులోంచి వంద తీసేస్తే ప్రమాణం. కేజీకి ఒక గ్రాము చొప్పున తేడాకి అనుమతి. బెల్లానికి అంతే, ఇనుముకి అంతే, గుమాస్తాకి ఎక్కువెందుకివ్వాలి?

ముందు విశ్వపతిగారే ఎక్కారు. ఆ మూడు రోజులూ ఆయన ఏం తిన్నారో ఆయనకీ దేవుడికీ తెలియాలి. వాచీ తీశారు, కళ్ళజోడు తీశారు, పెన్ను తీశారు, చివరికి పై పళ్ళ సెట్టు కూడా తీసి రుమాల్లో చుట్టి ఏసుపాదానికిచ్చారు. డెబ్భై రెండు కేజీల డెబ్భై గ్రాములు. అనుమతి డెబ్భై రెండు గ్రాముల దాకా ఉంది. బుల్లెబ్బాయి ఆయన మణికట్టుకి తీగ చుట్టి, సీసం బిళ్ళ పెట్టి, ఆ ఏటి ముద్ర కొట్టాడు.

తర్వాత ఏసుపాదం. అరవై నాలుగు ఉండాల్సినవాడు నలభై తొమ్మిది తూగాడు.

"తక్కువ తూకం!" అన్నారు విశ్వపతిగారు పళ్ళు పెట్టుకుంటూ. "ప్రజలను నిలువునా ముంచేది ఇదే."

"నేనెవర్నీ ముంచలేదండి బాబూ. మా ఇంట్లో అందరం ఇంతేనండి."

"కుటుంబమంతా కలిసి చేయుచున్నారన్నమాట. నలభై రోజుల్లో తిని సరిచేసుకోవలెనని నీకు నోటీసు."

చివరికి బుల్లెబ్బాయి ఎక్కాడు. ఆశగానే ఎక్కాడు పాపం, తగ్గిన రెండున్నర కేజీలూ ఇప్పుడు రికార్డులోకి వెళ్తాయని. ముల్లు నూట పద్దెనిమిది కేజీల నాలుగు వందల గ్రాముల దగ్గర ఆగింది. ఉండాల్సింది డెబ్భై.

"నలభై ఎనిమిది కేజీల నాలుగు వందల గ్రాముల వ్యత్యాసం," అన్నారు విశ్వపతిగారు. ఆయన గొంతు వణికింది, అది బాధ మాత్రం కాదు. "ఈ ఆఫీసు పుట్టిన తర్వాత ఇంత పెద్ద కేసు లేదు. పంచనామా రాయండి."

ఆఫీసులో పంచనామా రాయడం వచ్చినవాడు బుల్లెబ్బాయి ఒక్కడే. కాబట్టి ఆయనే కూర్చుని రాశాడు. 'సొత్తు వివరం: మనిషి ఒకటి. గుర్తులు: నెరిసిన మీసం, ఎడమ చెవి మీద పుట్టుమచ్చ. లోపాలు: కుడి మోకాలు పనిచేయదు.' పంచాయతుదార్లుగా సంతకం పెట్టడానికి ఎదురు వీధిలోంచి ఉల్లిపాయల బాబ్జీని, ఇంకో కొట్టాయన్ని పిలిపించారు. ఇద్దరి రాళ్ళూ లోగడ బుల్లెబ్బాయి జప్తు చేసినవే.

బాబ్జీ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. "నా కేజీ రాయిలో యాభై గ్రావులు తక్కువని సంతలో నలుగురి ముందూ పట్టుకెళ్ళారు గదండీ? ఆయ్. మీలో నలభై ఎనిమిది కేజీలు ఎక్కువున్నాయంట. దేవుడున్నాడండి," అని సంతోషంగా సంతకం పెట్టాడు. ఆ సంతకం కింద పువ్వు కూడా వేశాడు.

బుల్లెబ్బాయి చొక్కా బొత్తానికి అట్టముక్క కట్టారు. కేసు నంబరు, తేదీ, తూకం.

"సార్, వచ్చేనెల ఇరవయ్యెనిమిదిన నాకు ఆపరేషనండి," అన్నాడాయన. "నూట పదికి దిగాలండి. దిగుతున్నానండి కూడానూ."

"దిగడమా?" విశ్వపతిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "జప్తు చేసిన సొత్తు విచారణ దాకా ఏ తూకంలో పట్టుబడినదో ఆ తూకంలోనే ఉండవలెను. గ్రాము తగ్గినా సాక్ష్యం తారుమారు చేసినట్టే. అందుకు బాధ్యుడు గోడౌను ఇన్‌ఛార్జి."

"అంటే నేనేనండి."

"అందుకే జాగ్రత్తగా ఉండమంటున్నాను."

"విచారణ ఎప్పుడండి?"

"నలభయ్యో రోజున. సవరణకు లొంగే బరువని తేలితే అప్పటికప్పుడు సవరించి, మిగతాదానికి ఏడాది గడువిచ్చి విడుదల చేస్తాం. లొంగని బరువైతే..." అని ఆగిపోయారు.

ఆ తర్వాతి మాట బుల్లెబ్బాయికి కంఠతా వచ్చు. లొంగని బరువును సమ్మెటతో ముక్కలు చేసి తుక్కు కింద వేలం వేయాలి. ఇరవయ్యారేళ్ళుగా ఆ సమ్మెట కొట్టింది ఆయనే.

"ఆ క్లాజు ఉద్యోగులకు వర్తించునా లేదా అన్నదానిపై పై నుంచి స్పష్టత కోరియున్నాను," అన్నారు విశ్వపతిగారు ఊరడింపుగా.

అలా ఆగస్టు తొమ్మిదో తారీకున బుల్లెబ్బాయి తన మొలతాడుకున్న తాళంచెవి తనే విప్పి ఏసుపాదం చేతికిచ్చి, తను పట్టుకొచ్చిన దొంగ రాళ్ళ మధ్యకి తనే వెళ్ళి కూర్చున్నాడు. తలుపుకి బయట మూడు గజాల గుడ్డ కట్టారు: 'ఊబకాయ నివారణ పక్షోత్సవాలు.'

పారిపోవచ్చు కదా అని మీరడగొచ్చు. గోడౌను తలుపు గడియ ఊడి రెండేళ్ళయింది, ఆ సంగతి పై వాళ్ళకి రాసింది ఆయనే. కానీ సొత్తు తనంతట తను వెళ్ళిపోతే ఇన్‌ఛార్జి ఉద్యోగం పోతుంది. ఆయనలో ఆ ఇద్దరూ ఉన్నారు. ఉద్యోగం పోతే హెల్త్ కార్డూ పోతుంది, కార్డు పోతే మోకాలూ లేదు. ఎటు చూసినా గోడే.

మంగతాయారు మూడు రోజులు కేరేజీలో జొన్నరొట్టె, ఆనపకాయ కూర తెచ్చింది. మూడో రోజు తూకంలో ఏడు వందల గ్రాములు తగ్గాయి. విశ్వపతిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఏడు వందల గ్రాముల ప్రభుత్వ సాక్ష్యం మాయం! ఏమైనది?"

"నడిచానండి. గోడౌనులోనే, అటూ ఇటూ."

"సొత్తు నడవరాదు." ఆయన అప్పటికప్పుడు ఉత్తరువు రాయించారు. పొద్దున్న నెయ్యి వేసిన పెసరట్టు, ఉప్మాతో. మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ, గడ్డ పెరుగు. నాలుగింటికి కాజాలు నాలుగు, పూతరేకులు రెండు. రాత్రికి మళ్ళీ ఇదే. సొత్తు మొత్తం తిన్నదని కాపలాదారు ఏసుపాదం సంతకం చేయాలి. కాజాల నాణ్యత మాత్రం తామే స్వయంగా పరీక్షిస్తామన్నారు, పొట్లానికి ఒకటి చొప్పున.

నెల రోజుల నుంచి కలలో కూడా కాజా చూడని మనిషి ముందు నాలుగు కాజాలు పెడితే ఏమవుతుంది? మొదటి రోజు కళ్ళు మూసుకుని తిన్నాడు. రెండో రోజు కళ్ళు తెరిచి తిన్నాడు. ఆరో రోజుకి నూట పద్దెనిమిది నాలుగు వందలు సరిగ్గా తూగాడు. విశ్వపతిగారు 'సొత్తు యథాతథం' అని రాసి, తగ్గిన రోజుల గడుల్లో కూడా అదే నింపి సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రం మంగతాయారు వచ్చేసరికి బుల్లెబ్బాయి ఇరవై కేజీల గుండు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"నా మోకాలు అయిపోయిందే తాయారూ. ఇంక ఈ జన్మలో సంతకెళ్ళను."

ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "ఊబకాయం తగ్గించండ్రా అంటే మనిషిని కట్టేసి కాజాలు మేపుతారా? వీళ్ళ బుర్రలు తుయ్యడానికి కాటా లేదేంటండీ?" అని గుమ్మంలో ఉన్న ఏసుపాదం మీద విరుచుకుపడింది.

"నన్నంటారేంటమ్మగారూ," అన్నాడు ఏసుపాదం. "నా బాధ నాది. నలభై రోజుల్లో పదైదు కేజీలు పెరగాలంట. మా ఇంట్లో ఆళ్ళు పెట్టే అంబలికి పదైదు గ్రావులు కూడా పెరగను."

పూతరేకుల పళ్ళెం బుల్లెబ్బాయి ముందుంది. మంగతాయారు వంగి, ఆ పళ్ళెం తీసి, ఏసుపాదం ముందు పెట్టింది.

తిండి గొడవ అలా తీరింది. కానీ తూకం గొడవ మిగిలింది. రోజూ పదిన్నరకి విశ్వపతిగారి ఎదుట కాటా ఎక్కాలి, తగ్గితే మళ్ళీ మేపుతారు. బుల్లెబ్బాయి ఆలోచిస్తూ పక్కనున్న రాయిని అలవాటుగా చేతిలోకి తీసుకుని ఆడించాడు. బాబ్జీ రాయి. అడుగున సీసం తవ్వేసి, తేనెమైనం పూసి, మసి రుద్ది ఉంది. తక్కువ రాయిని ఎక్కువగా చూపించిన మోసం. ఆయన రాయి వంక చూశాడు. తన బొజ్జ వంక చూశాడు.

"ఛ," అన్నాడు పైకే. "ఇరవయ్యారేళ్ళ సర్వీసు. కంచే చేను మేస్తే ఎలాగే?"

విషయం విని మంగతాయారు నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "దొంగ తూకమైతే కొనేవాడికి నష్టం. మిమ్మల్నెవరు కొంటున్నారండీ కేజీల్లెక్కన?"

ఈ ప్రశ్నకి తూనికలు కొలతల చట్టంలో జవాబు లేదు. ఆయన మనసులో మొత్తం వెతికి చూశాడు.

మర్నాడు ఆవిడ పాత పరుపు గుడ్డతో నడికట్టు కుట్టి, కేరేజీ సంచిలో అడుగున పెట్టి తెచ్చింది. చుట్టూ జేబులు, ఒక్కో జేబులో ఒక్కో రాయి పట్టేలా. రోజూ పొద్దున్నే లేచి, ఒళ్ళు ఎంత తగ్గిందో గోడౌనులో ఉన్న పాత కాటా మీద చూసుకుని, అంతకి సరిపడా రాళ్ళు కట్టుకునేవాడు. అన్నీ దొంగ రాళ్ళే కాబట్టి ఏది ఎంత తక్కువో చేత్తో చూసి లెక్క సరిచేసుకోవాలి. ఊళ్ళో ఇంకెవరి వల్లా అయ్యే పని కాదు. కూర్చుని మోకాలికి చెప్పిన కసరత్తు, చేతులతో పదికేజీల గుండ్లు ఎత్తడం, మధ్యాహ్నం జొన్నరొట్టె. పక్కన ఏసుపాదం చెమటలు కక్కుతూ నేతి పెసరట్లు తినేవాడు. పాపం వాడిదీ కష్టమే.

పదిన్నరకి కాటా. నూట పద్దెనిమిది నాలుగు వందలు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఆహా, ఏమి సొత్తు!" అనేవారు విశ్వపతిగారు. "ఉప్పు నెమ్ము పట్టి పెరుగుతుంది, బెల్లం కారి తగ్గుతుంది. మీరు మాత్రం చలించడం లేదు. ఇటువంటి సాక్ష్యం నా సర్వీసులో చూడలేదు."

ఒకరోజు బుల్లెబ్బాయి సంతకం పెట్టడానికి వంగితే నడుం దగ్గర టక్కుమంది.

"ఏమా చప్పుడు?"

"మోకాలండి."

విశ్వపతిగారు జాలిపడి ఆ పూట కాజాల సంఖ్య ఆరు చేశారు. ఏసుపాదం లోపల దేవుణ్ణి తలుచుకున్నాడు.

సెప్టెంబరు పద్దెనిమిది, విచారణ. గోడౌను ముందు బల్ల వేశారు. పంచాయతుదార్లు వచ్చారు, మంగతాయారు ఒక పక్కన నిలబడింది. బాబ్జీ వెంట నలుగురు ఉల్లిపాయల వాళ్ళు కూడా వచ్చారు. మనిషిని వేలం వేస్తే ఎలా ఉంటుందో చూడాలని వాళ్ళ ముచ్చట. ఆ సమ్మెట క్లాజు మీద పై నుంచి స్పష్టత వచ్చేసిందని, 'నిబంధనల మేరకు తగు చర్య తీసుకోవచ్చును' అని స్పష్టంగా రాశారని విశ్వపతిగారు చదివి వినిపించారు. గోడకి ఆనించి సమ్మెట పెట్టి ఉంది. ఎవరు పెట్టమన్నారో ఎవరూ అడగలేదు.

ముందు ఏసుపాదం ఎక్కాడు. అరవై నాలుగు కేజీల ఇరవై గ్రాములు. చొక్కా బొత్తాలు రెండు పెట్టుకోవడం కుదరలేదు గానీ, తూకం మాత్రం ప్రమాణం. వాడి చేతికి సీసం బిళ్ళ పడింది.

తర్వాత బుల్లెబ్బాయి. నూట పద్దెనిమిది నాలుగు వందలు.

"నలభై దినములు సొత్తు యథాతథం," అన్నారు విశ్వపతిగారు గర్వంగా. తర్వాత గొంతు మార్చారు. "ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ బరువు సవరణకు లొంగునా, లొంగదా? ఇక్కడికిక్కడ, మా ఎదుట, ఎంతో కొంత తగ్గి చూపవలెను. ఎవరి వల్లనైనా అగునా?"

బుల్లెబ్బాయి చొక్కా మీంచే నడికట్టు తడుముకున్నాడు. భార్య వంక చూశాడు. ఆవిడ గడ్డం ఎత్తి 'ఊఁ' అంది. ఆయన కాటా మీదే నిలబడి చొక్కా ఎత్తి నడికట్టు విప్పాడు. రెండు కేజీల రాళ్ళు నాలుగు, కేజీ రాయి ఒకటి, బల్ల మీద ఒక్కొక్కటే పెట్టాడు. నడికట్టు మడత పెట్టి ఏసుపాదానికిచ్చాడు. కాటా ముల్లు గిలగిల్లాడి నూట తొమ్మిది కేజీల ఏడు వందల యాభై దగ్గర నిలిచింది.

"అమ్మ దొంగా!" అని అరిచాడు బాబ్జీ. "అది నా రాయండి!"

విశ్వపతిగారి ముఖం ముందు ఎర్రగా అయింది. వేలెత్తారు. ఆ వేలు గాల్లో ఉండగానే ఆయన చూపు బల్ల మీదున్న రిజిస్టరు మీద పడింది. నలభై రోజులు, నలభై తూకాలు, నలభై సంతకాలు. అన్నీ ఆయనవే. సొత్తు యథాతథం, సొత్తు యథాతథం, సొత్తు యథాతథం. వేలు మెల్లగా మడుచుకుంది.

"రికార్డు ప్రకారం," అన్నారు రిజిస్టరు తిరగేస్తూ, "ఈ ఉద్యోగి నలభై రోజులూ నూట పద్దెనిమిది నాలుగు వందలు. అవునా?"

"అవునండి."

"రికార్డు తప్పగునా?"

"కాదండి," అన్నారు అందరూ. బాబ్జీ కూడా అన్నాడు, రేపు మళ్ళీ రాళ్ళకి ముద్ర కావాలి కదా.

"ఇప్పుడు నూట తొమ్మిది ఏడు వందల యాభై. అనగా ఒక్క నిమిషంలో, రక్తపాతం లేకుండా, మందూ మాకూ లేకుండా, ఎనిమిది కేజీల ఆరు వందల యాభై గ్రాములు తగ్గినది." ఆయన కళ్ళు మెరవడం మొదలెట్టాయి. అంతలోనే నొసలు చిట్లించారు. "ఆగండి. బల్ల మీది రాళ్ళ మీద తొమ్మిది కేజీలని చెక్కి ఉన్నది. మిగతా మూడు వందల యాభై గ్రాములు ఏవి?"

"దొంగ రాళ్ళండి అవి. అందుకే గదండీ పట్టుకున్నాం."

"సరి. లెక్క కుదిరినది. ఈ బరువు సవరణకు లొంగినది. విడుదల!"

మంగతాయారు అందరి ముందూ మొగుడి చెయ్యి పట్టుకుంది. పెళ్ళినాడు తప్ప ఆవిడ ఆ పని చెయ్యలేదు.

గంధమూరు పద్ధతి అన్న పేరుతో విశ్వపతిగారి నివేదిక రాజధానికి వెళ్ళింది. జీతాల బకాయి కాగితం ఏడాదికి కదలని చోట అది ఆరు రోజుల్లో ఉత్తరువై తిరిగొచ్చింది. ప్రతి ఆఫీసులోనూ ఉద్యోగికి రసీదు మీద తగినన్ని రాళ్ళు నడుముకి కట్టించి మొదటి తూకం వేయాలి. తర్వాత రాళ్ళు విప్పించి రెండో తూకం వేయాలి. ఒక్క మధ్యాహ్నంలో రాష్ట్రం నాలుగు వందల టన్నుల ఊబకాయాన్ని జయించింది. రాళ్ళు చాలని జిల్లాల్లో ఇటుకలు వాడుకోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. విశ్వపతిగారికి ఇత్తడి షీల్డు ఇచ్చారు. దాని బరువు మూడు కేజీలు. అది చేతిలో ఉన్నంతసేపూ తాము ప్రమాణం తప్పుతున్నామని తట్టి, ఆయన దాన్ని చప్పున ఏసుపాదానికిచ్చేశారు. వాడూ ప్రమాణం తప్పడం ఇష్టంలేక గోడౌనులో పెట్టొచ్చాడు.

ఇటు బుల్లెబ్బాయి ఇంటికి చుట్టాలు రావడం మొదలెట్టారు. జప్తులోంచి బయటపడ్డ మనిషిని ఉత్తచేతుల్తో ఎలా చూస్తారు? అరిసెలు, సున్నుండలు, తాపేశ్వరం నుంచి కాజాలు. ఒక్కటి తినకపోతే మామీద కోపమా అంటారు. ఆయన ఒక్కటే తినేవాడు, ఒక్కో చుట్టం దగ్గర ఒక్కటి. మంగతాయారు గుమ్మానికి తాళం వేస్తే, దొడ్డిదారిన వచ్చారు.

ఇరవయ్యెనిమిదో తారీకు పొద్దున్న ఆస్పత్రి కాటా ముందు ఆయన చెప్పులు విప్పాడు, వాచీ తీశాడు. పళ్ళ సెట్టు ఉంటే అదీ తీసేవాడు. ఎక్కి, ఊపిరి బిగబట్టాడు.

"నూట తొమ్మిది ఆరు వందలు," అన్నారు డాక్టరు సువర్చల. "భేష్! పదండి లోపలికి."

మంగతాయారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బుల్లెబ్బాయి దిగుతూ దిగుతూ, ఇరవయ్యారేళ్ళ అలవాటు, కాటా పక్కకి వంగి ముద్ర వంక చూశాడు. ముద్ర గడువు రెండేళ్ళ కిందటే తీరిపోయింది.

ఆయన అలాగే నిలబడిపోయాడు. గడువు తీరిన కాటా మీద వేసిన తూకం చెల్లదు. కాటా అక్కడికక్కడే జప్తు చెయ్యాలి. చేస్తే ఈ ఊళ్ళో ఇంకో ఆస్పత్రి కాటా లేదు. తూకం లేకపోతే ఆపరేషనూ లేదు. ఆయన నోరు తెరిచాడు.

"ఏవండీ," అంది మంగతాయారు. ఆ గొంతు ఆయనకి బాగా తెలుసు.

"చాలా శుభ్రంగా ఉంచారండి కాటాని," అన్నాడు బుల్లెబ్బాయి, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మత్తుమందు ఎక్కేదాకా ఆయన్ని బాధించింది మోకాలు కాదు, ఆ ముద్రే.

డిసెంబరులో మళ్ళీ డ్యూటీలో చేరాడు. బుధవారం సంతకి వెళ్ళడానికి ముందు, మంగళవారం నాడే ముద్రల పెట్టె చంకన పెట్టుకుని ఆస్పత్రికి నడిచి వెళ్ళాడు. ప్రమాణ రాళ్ళు ఒక్కొక్కటే కాటా మీద పెట్టి చూశాడు. ఇంకోసారి చూశాడు. మర తిప్పి సరిచేసి, సీసం బిళ్ళ బిగించి, కొత్త ముద్ర కొట్టాడు. ఆ దెబ్బ చప్పుడుకి డాక్టరు సువర్చలగారు బయటికొచ్చారు.

"తేడా ఏమైనా ఉందాండీ?"

"ఏడు వందల గ్రాములు తక్కువ చూపిస్తోందండి. రెండేళ్ళ నుంచీ."

ఆవిడ మనసులో కూడుకోవడం ఆయనకి కనిపించింది. నూట తొమ్మిది ఆరు వందలకి ఏడు వందలు. ఆవిడ ఆయన మోకాలి వంక చూశారు, తర్వాత ముఖం వంక చూశారు.

"అయితే ఆ రోజు మీరు..."

"ఆ రోజు రికార్డులో నూట తొమ్మిది ఆరు వందలేనండి," అన్నాడు బుల్లెబ్బాయి పెట్టె సర్దుకుంటూ. "రికార్డు తప్పకూడదండి."

డాక్టరుగారు నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. బుల్లెబ్బాయి పెట్టె భుజాన వేసుకుని ఆస్పత్రి మెట్లు దిగాడు. పక్కకి తిరక్కుండా, తిన్నగా దిగాడు.